ఆ పచ్చ ఏ పచ్చ? వరి చేల ఫొటోలు, వాటి ఎడిటింగ్

(రాజమహేంద్రవరంలో ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఆగస్టు 19. 1839లో ఇదే తారీఖున, ఫ్రాన్స్‌కి చెందిన డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతి వివరాలను పారిస్‌లో అందరి ముందూ బయటపెట్టారు. అందుకని ఈ రోజు పండగ చేసుకుంటున్నాం. మన గోదావరి జిల్లాల్లో ఆగస్టు 19కి ఇంకో అర్థం ఉంది. సార్వా, అంటే ఖరీఫ్ ఊడ్పులు దాదాపు అయిపోయి, నాటిన మొక్క వేళ్లు పట్టుకుని, పిలకలు వేసే రోజులివి. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో ఈ వారం రోజుల్లో కనపడే పచ్చదనం మళ్లీ నెలకి ఉండదు. అప్పటికి పచ్చ ఉంటుంది, కానీ అది వేరే పచ్చ. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ తేడా గురించే.

చాలా ఏళ్ల కిందటి సంగతి. మా అమ్మ వాళ్ల ఊర్లో మావయ్య చేను ఫొటో తీశాను. స్వర్ణ రకం వరి వేశాడు. అదే, మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029. పొద్దున వెలుతురు బాగుంది, ఫొటో కూడా బాగా వచ్చింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేసి పచ్చ రంగు శాచురేషన్, అంటే రంగు గాఢత, నలభై దాకా లాగాను. కాంట్రాస్టు పెంచాను. పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, పండక్కి వెళ్లినప్పుడు మావయ్యకి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి అడిగాడు: "ఇదెవరి చేనురా? యూరియా మరీ ఎక్కువ కొట్టేసినట్టున్నారు. ఇలా ఉంటే దోమ పట్టేస్తుంది."

"మన చేనే మావయ్యా" అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. ఫ్రేము గోడకి తగిలించాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన చేనునే ఆయన గుర్తుపట్టలేకపోయాడు. నేను తీసింది ఆయన చేనే, ఇచ్చింది మాత్రం ఇంకెవరిదో.

ఆయన అన్నదాంట్లో శాస్త్రం ఉంది. యూరియా ఇచ్చే నత్రజని ఎక్కువైతే ఆకు నల్లటి పచ్చగా ముదురుతుంది. మొక్క మెత్తబడుతుంది, పడిపోతుంది, సుడిదోమ చేరుతుంది. ఆ దోమ పడితే చేను గుండ్రంగా, సుడులు తిరిగినట్టు ఎండిపోతుంది. ఆ పేరు అలా వచ్చిందే. నత్రజని తక్కువైతే పాలిపోతుంది. జింకు లోపిస్తే ఊడ్చిన కొద్ది వారాలకే ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు వస్తాయి. రైతుకి రంగు అంటే కబురు. మనం స్లైడర్ పట్టుకుని ఇష్టం వచ్చినట్టు కదిపేది ఆ కబురుని.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. వరి ఆకు రంగు చూసి యూరియా ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. లేత పసుపుపచ్చ నుంచి ముదురు పచ్చ దాకా దాని మీద వరసగా గళ్లు ఉంటాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని చాలా దేశాల రైతులకు చేర్చింది. వాడే పద్ధతి ఏమిటంటే, ఆకుని తుంచకుండా పట్టీ మీద ఆనించి రంగు పోల్చాలి. అప్పుడు ఎండకి అడ్డంగా మన వీపు పెట్టి, మన నీడలో చూడాలి. ఎండ నేరుగా పడితే ఆకు మెరిసి అసలు రంగు తెలియదు. ఫొటోగ్రాఫర్‌కి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? వరి ఆకు మీద సన్నని మైనం పొర ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో అది తెల్లగా మెరుస్తుంది. మీ కెమెరా ఆ తెలుపునీ పచ్చనీ కలిపి ఒక వెలిసిపోయిన రంగు ఇస్తుంది. దాన్ని సరిచేద్దామని మీరు శాచురేషన్ లాగుతారు. తప్పు అక్కడ మొదలవుతుంది.

కాబట్టి రంగు పని ఎడిటింగ్‌లో కాదు, చేలోనే మొదలుపెట్టండి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే లెన్సుకి తొడిగి మెల్లగా తిప్పండి. సూర్యుడు మీ ఎడమ భుజం వైపో కుడి భుజం వైపో ఉన్నప్పుడు దాని పని ఎక్కువ తెలుస్తుంది. ఆకు మీద మెరుపు పోయి, దాచుకున్న రంగు బయటికి వస్తుంది. అయితే దమ్ము చేసిన మడిలో నీళ్లు నిలిచి, అందులో మబ్బులు కనపడుతుంటే అదే ఫిల్టర్ ఆ మబ్బుల్ని కూడా తుడిచేస్తుంది. ఊడ్పుల ముందు నేను ఫిల్టర్ తీసి జేబులో వేసుకుంటాను. ఆకాశం మడిలోకి దిగే రోజులు ఏడాదికి రెండే రెండు దఫాలు, సార్వాకి ఒకసారి, దాళ్వాకి, అంటే రబీకి ఒకసారి.

వెలుతురు గురించి కొంచెం లెక్క చెప్పుకుందాం. పొద్దు పొడవగానే, పొద్దు గూకే ముందు సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వచ్చే బంగారు వెలుతురుని గోల్డెన్ అవర్ అని అందరూ అంటారు. ఆ పేరు విని గంటసేపు ఉంటుందనుకుంటే మోసపోతాం. మనం ఉన్నది భూమధ్యరేఖకి దాదాపు 17 డిగ్రీల ఉత్తరాన. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. లండన్‌లో సూర్యుడు నేల నుంచి 6 డిగ్రీల ఎత్తుకి రావడానికి సుమారు 40 నిమిషాలు పడితే, మన దగ్గర 25 నిమిషాలే. యూట్యూబ్‌లో యూరప్ వాళ్లు తీరిగ్గా ట్రైపాడ్ విప్పుతుంటే చూసి మనం కూడా అలా వెళితే, కాఫీ తాగేలోపు వెలుతురు అయిపోతుంది. ముందు రోజే వెళ్లి ఎక్కడ నిలబడాలో చూసుకోవాలి. ఇంకోటి, డిసెంబరులో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే, దక్షిణం వైపు ఉంటాడు. అందుకే దాళ్వా రోజుల్లో పది గంటలకు కూడా గట్ల నీడ మడిలో పడుతుంది. జూన్‌లో దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందకి పోతుంది. మధ్యాహ్నం ఫొటోలు తీయక తప్పదంటే డిసెంబరు, జనవరి ఎంచుకోండి.

డెల్టాతో ఉన్న పెద్ద ఇబ్బంది ఇది బల్లపరుపుగా ఉండటం. అరకులో అయితే కొండ వాలు మీద మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి, కెమెరా ఎటు తిప్పినా ఫొటోయే. మనకి కనుచూపు మేర ఒకటే మట్టం. వైడ్ లెన్సుతో తీస్తే సగం ఖాళీ ఆకాశం, సగం పచ్చ పట్టీ. నేను చేసే పని ఏమిటంటే ఏటిగట్టు ఎక్కుతాను. ఏటిగట్టు లేని చోట కాలువ గట్టు. ఆ ఎత్తుకే మడులన్నీ విడివిడిగా కనపడతాయి. 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు పెడితే గట్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరికి జరిగినట్టు వస్తాయి. మధ్యలో ఒక తాటిచెట్టో కొబ్బరిచెట్టో నిలువుగా నిలబడితే చాలు.

నీళ్ల దారి కూడా చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాటన్ దొర కట్టించింది. అక్కడి నుంచి ప్రధాన కాలువ, అందులోంచి చిన్న కాలువ, దాంట్లోంచి పంటబోదె, బోదెలోంచి మడి. ఈ భూమి మీద మనం చూసే గీతలన్నీ నీళ్ల కోసం గీసినవే. ఫ్రేములో ఎక్కడో ఒకచోట ఆ నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో తెలిస్తే, ఆ ఫొటోకి ఒక వరస వస్తుంది. పక్కన పడే తూమునో, మట్టి తీసి గండి కొట్టిన గట్టునో కోసేయకండి.

ఇప్పుడు తెర మీద ఉన్న ఫొటో చూడండి. జనవరి, దాళ్వా నాట్లు పడిన వారం. మంచు. ఇది కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు. బూడిద రంగులో, నీరసంగా ఉంది కదా. కెమెరా మీటర్ ఏది చూసినా మధ్యస్థమైన బూడిద అనుకుంటుంది. తెల్లటి మంచు చూసి ఎక్కువ వెలుతురు ఉందనుకుని తగ్గించేసింది. అక్కడే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచి తీసుంటే ఇంత పని ఉండేది కాదు. రాయలసీమలో, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి తీసేవాళ్లకి ఇదే తిరగబడుతుంది. నల్ల నేలని కెమెరా బూడిదగా మార్చేస్తుంది. అక్కడ ఒక స్టాప్ తగ్గించాలి.

రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్లో తీసింది కాబట్టి బతికింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి. 14 బిట్ రా ఫైల్లో 16,384. మంచు అంటే తెలుపుకీ లేత బూడిదకీ మధ్య ఉండే చిన్న చిన్న తేడాలే. 256 మెట్లలో దాన్ని సాగదీస్తే ఆకాశంలో పట్టీలు పట్టీలుగా విరిగిపోతుంది. రాలో సాఫీగా సాగుతుంది.

మొదట వైట్ బ్యాలెన్సు, అంటే ఫొటో మొత్తం పసుపు వైపు ఉండాలో నీలం వైపు ఉండాలో చెప్పే సర్దుబాటు. ఆటోలో ఉంచితే కెమెరా పొద్దుటి పసుపుని తప్పు అనుకుని దిద్దేసింది. నేను 5500 కెల్విన్‌కి పెట్టాను. చూశారా, ఆ ఒక్క మార్పుకే చలి పోయి పొద్దు వచ్చింది. తర్వాత ఎక్స్‌పోజర్ కొంచెం పైకి. హైలైట్లు, అంటే బాగా వెలుగున్న చోట్లు, కొంచెం కిందకి. డీహేజ్ అనే స్లైడర్ జోలికి వెళ్లలేదు. మంచు కోసం నాలుగింటికి లేచి వెళ్లి, ఇంటికొచ్చి ఆ మంచుని చెరిపేయడం నాకు మనసొప్పదు.

ఇక పచ్చ. ఇక్కడ కాస్త నిలుద్దాం. మన కెమెరా సెన్సర్లలో ఎక్కువ భాగం, కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద ఉన్న గళ్ల అమరికతో తయారవుతాయి. 1976లో ఆ పేటెంట్ వచ్చింది. అందులో ప్రతి నాలుగు గళ్లకి రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కన్ను పచ్చలో ఉన్న తేడాల్ని బాగా పడుతుంది కాబట్టి అలా చేశారు. అంటే మిగతా రెండు రంగుల కంటే పచ్చ గురించే మన ఫైల్లో ఎక్కువ సమాచారం ఉంది. ఇంత సమాచారం చేతిలో పెట్టుకుని మొత్తం శాచురేషన్ ఒకే పట్టున లాగితే నారుమడి లేత పచ్చ, ఊడ్చిన చేను పచ్చ, గట్టు మీద గడ్డి, కొబ్బరాకు, అన్నీ ఒకే రంగు అయిపోతాయి. చేనంతా అరటాకు రంగు ప్లాస్టిక్ సంచీలా ఉంటుంది.

రంగుల్ని విడివిడిగా కదిపే పానెల్ తెరవండి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ ఉంది. చాలామందికి తెలియని సంగతి, వరి చేను రంగు ఎక్కువ భాగం ఆకుపచ్చ స్లైడర్ కింద కాదు, పసుపు స్లైడర్ కింద ఉంటుంది. మీరు ఆకుపచ్చ కదిపితే కొబ్బరిచెట్లు కదులుతాయి, చేను అలాగే ఉంటుంది. పసుపు రంగు హ్యూ, అంటే రంగు ఛాయ, ఆకుపచ్చ వైపు ఐదో ఆరో జరపండి, పది దాటకండి. శాచురేషన్ పెంచే బదులు ఆ పసుపు వెలుతురుని కాస్త తగ్గించి చూడండి. రంగు దానంతట అదే నిండుగా కనపడుతుంది. ఈ ఫొటోలో నేను చేసింది అంతే. పొట్టకొచ్చిన చేనుకి ఒకలా, పాలు పోసుకునే చేనుకి ఒకలా, కోతకొచ్చి వెన్ను వంగిన చేనుకి ఇంకోలా చేయాలి. ఒక్క నొక్కుతో పనిచేసే ప్రీసెట్లు, అంటే ముందే తయారుచేసి పెట్టిన సెట్టింగులు, అన్నింటికీ ఒకటే రంగు పులుముతాయి. నేను వాడను, మీరూ వాడొద్దనే చెప్తాను.

పసుపు అన్నాను కాబట్టి అరకు వలిసె పూల గురించి ఒక్క మాట. శీతాకాలం మొదట్లో అవి విరగబూస్తాయి. అక్కడ చాలామంది ఫొటోల్లో పువ్వు రేకులు లేకుండా పసుపు ముద్దలా ఉంటుంది. ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, మామూలుది అయితే బాగానే ఉందని చూపిస్తుంది, కానీ ఎరుపు చానెల్ అప్పటికే కొట్టుకుపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని చూడండి.

షార్ప్‌నెస్, క్లారిటీ గురించి ఎక్కువ చెప్పను. వరి ఆకు కత్తి అంచులా సన్నగా ఉంటుంది. క్లారిటీ ఎక్కువైతే చేను ఇనుప బ్రష్షులా తయారవుతుంది. నాయిజ్ తీసేది ఎక్కువైతే మైనపు ముద్ద. రెండూ చాలా తక్కువ వాడండి.

ఇప్పుడు చెప్పబోయేది నాకు కష్టంగా ఉండే విషయం. ఏది తీసేయాలి, ఏది ఉంచాలి. కరెంటు తీగ ఒకటి ఆకాశంలో అడ్డం వచ్చిందనుకోండి, ఒక్క క్లిక్కుతో పోతుంది. ప్లాస్టిక్ కవరు కూడా. నేను కవర్లు తీస్తాను, లేదంటే తీసే ముందే చేత్తో ఏరేస్తాను. స్తంభాలు, తీగలు మాత్రం ఉంచుతాను. భీమవరం, ఆకివీడు వైపు వెళ్లండి. ఒకప్పటి వరి చేలల్లో ఇవాళ రొయ్యల చెరువులు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు, వాటికి కరెంటు లైన్లు. పక్కనే మిగిలిన నాలుగు మడుల్ని తీసి, చెరువుల్ని చెరిపేసి, పచ్చటి పల్లెటూరని పెడితే అది ఆ ఊరికి అన్యాయం. ఆ మడి రైతు పక్క చెరువు ఉప్పు నీటితో రోజూ తంటాలు పడుతున్నాడు. ఆకాశం మార్చే పని కూడా చేయకండి. చేలో నీళ్లు ఉంటే, నీళ్లలో ఉన్న ఆకాశం పైనున్న ఆకాశానికి సాక్షి. పైది మారిస్తే రెండూ కలవవు.

2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కావడం లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ వానాకాలం నేను అక్కడ తిరిగాను. వాన పడింది, ఊడ్పులు లేవు. మడుల నిండా తుంగ, గడ్డి. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంది. మామూలుగా చేసే ఎడిటింగ్ ఆ ఫొటోల మీద చేస్తే, చూసినవాళ్లు ఎవరైనా పంట బాగుందనే అనుకుంటారు. అప్పుడు నేను ఆ పచ్చల్లో ఉన్న ఎగుడుదిగుడుల్ని, పసుపు చారల్ని, గడ్డి గుబురుల్ని ఒక్కటి కూడా సర్దలేదు. వాటిని బ్రష్‌తో కాస్త తేట చేశాను. ఇంతవరకు నేను చేసిన ఎడిటింగ్‌లో నాకు తృప్తినిచ్చింది అదే.

ఊడ్పుల్లో ఆడవాళ్ల ఫొటోలు తీసేవాళ్లకి ఒక మనవి. గట్టు మీంచి వంగిన వీపులు తీసి వెళ్లిపోకండి. ముందు పలకరించండి, పేరు పెట్టి పిలిచేంత పరిచయం చేసుకోండి, కాదంటే మానేయండి. వాళ్లు చేసేది పొద్దుటి నుంచి నడుము ఎత్తని పని. తీశాక ప్రింటు పట్టుకెళ్లి ఇవ్వండి. నారుమడిలో ట్రైపాడ్ పెట్టొద్దు. కొత్తగా మట్టి మెత్తిన గట్టు మీద నడవొద్దు. అది తెగితే ఆ రాత్రి నీళ్లన్నీ పక్క మడిలోకి పోతాయి.

మావయ్య సంగతి సగంలో ఆపాను. నాలుగేళ్ల తర్వాత అదే చేను, అదే గట్టు మీంచి మళ్లీ తీశాను. ఈసారి చేలో ఒక ఆకు చేతిలోకి తీసుకుని, నా నీడలో పెట్టి దాన్నీ ఒక ఫొటో తీసుకున్నాను. ఇంటికొచ్చి ఆ ఆకు రంగుతో పోల్చుకుంటూ చేను రంగు సరిచేశాను. ప్రింటు ఇచ్చాను. మావయ్య చూశాడు. వేలితో ఈశాన్యం మూల చూపించాడు. "ఇక్కడ కాస్త పాలిపోయింది చూశావా, ఆ మూల మెరక. నీళ్లు ఎక్కవు" అన్నాడు. నేను వందసార్లు చూసిన ఫొటో అది. ఆ మూలని నేను ఒక్కసారి కూడా గమనించలేదు.

ప్రశ్నలకి టైముంది, అడగండి.

(సభలోంచి ఒక అమ్మాయి: సార్, నా దగ్గర ఫోనే ఉంది. దాంతో ఎంతవరకు చేయొచ్చు?)

చాలా చేయొచ్చమ్మా. మీ ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే రా ఆన్ చెయ్యి. లేకపోతే మామూలుగా తీసేటప్పుడు తెర మీద ఆకాశాన్ని తాకి, వెలుతురు కొంచెం తగ్గించి తియ్యి. స్నాప్‌సీడ్ ఉచితమే. అందులో బ్రష్‌తో కావాల్సిన చోట మాత్రమే వెలుతురు పెంచొచ్చు. రాత్రి లైటు తీసేసి, ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టుకుని ఎడిట్ చేయకు. ఆ కాంతికి ఫొటో వెలుగ్గా కనపడి ముదురుగా చేసేస్తావు. పగలు, నీడపట్టున కూర్చుని చెయ్యి. మర్నాడు మళ్లీ చూడు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపు, లేకపోతే కుదించేస్తుంది.

(ఇంకొకరు: వరి గాలికి ఊగుతుంటే ఏం చేయాలండి? రెండు మూడు ఫొటోలు తీసి కలిపితే దెయ్యాల్లా వస్తున్నాయి.)

అవునండి, అలా వేరువేరు వెలుతురుతో తీసి కలిపే హెచ్‌డీఆర్‌కి వరి చేను లొంగదు. ఒక్క ఫ్రేమే తీయండి, ఆకాశం కొట్టుకుపోకుండా చూసుకుని, నీడల్ని రా నుంచి లాగండి. వెన్ను స్పష్టంగా కావాలంటే షట్టర్ 250వ వంతు సెకను లేదా అంతకంటే వేగంగా పెట్టండి. గాలే కావాలనుకుంటే ట్రైపాడ్ మీద అర సెకను పెట్టి చూడండి. చేను మీద అల వెళ్లినట్టు వస్తుంది. పదిసార్లు తీస్తే ఒకటి కుదురుతుంది.

రేపు పొద్దున ధవళేశ్వరం దాటాక కాలువ గట్టు మీద కలుద్దాం. సూర్యోదయం 5.45 ప్రాంతంలో. 5.15కల్లా అక్కడ ఉండండి. రాత్రి వాన పడేలా ఉంది, గట్టు జారుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సి రావచ్చు. లెన్సు తుడుచుకోవడానికి పొడి గుడ్డ మర్చిపోకండి.